టైరు మీది అంకెలు

పల్లెలలో కమ్మరి బండి చక్రమునకు ఇనుపపట్టా తొడుగుట చూచినవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. పట్టాను ముందుగా చక్రము చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా చేయుదురు. మంటలో ఎఱ్ఱగా కాల్చినప్పుడు అది సాగును. సాగియుండగానే చక్రముపై దించి, దిమ్మెతో కొట్టి, నీళ్లు గుమ్మరింతురు. చల్లారిన పట్టా ముడుచుకొని కఱ్ఱ కీళ్ల నన్నిటిని ఒక్కటిగా బిగించివేయును. కొలత కొంచెము హెచ్చినచో పట్టా నాలుగు నాళ్లలో ఊడిపోవును; మరీ తగ్గినచో చక్రమే చీలిపోవును. ఆ పనిలో ఎచ్చటను అంకెలు వ్రాయబడవు. కమ్మరి కన్నును చేయియునే కొలమానము.

ఇంగ్లీషులోని 'టైరు' అను మాటయు ఆ ఇనుపపట్టా నాటిదే. దుస్తులు అను అర్థము గల 'అటైర్' అను మాటకు అది పొట్టిరూపమని నిఘంటుకారులు చెప్పుదురు. చక్రమునకు తొడిగిన అంగీ యన్నమాట. అంగీ కొనబోవువాడు తన ఒంటి కొలత తెలిసికొని పోవునట్లే, కారుకు టైరు కొనబోవువాడు చక్రపు కొలత తెలిసికొని పోవలెను. ఇందులో చిక్కేమున్నదని అనిపించును. కాని నేడు అమెరికాలో 'మజిల్ కారు', అనగా కండబలము గల కారు, అని పిలువబడు వాహనపు చక్రమును చూడుడు. దానిపై 275/40 ఆర్ 20 అని యుండును. ఇందులో మొదటి అంకె మిల్లీమీటర్లు. అది టైరు వెడల్పు. రెండవది నూటికి ఇంత యని చెప్పు పాలు. వెడల్పులో నూటికి నలుబది వంతులు టైరు ప్రక్కగోడ యెత్తు. నడుమనున్న అక్షరము టైరు అల్లిక తీరును చెప్పును. చివరిది అంగుళములు, లోపలి ఇనుపచక్రపు అడ్డుకొలత. ఒకే వస్తువుపై, ఒకే వరుసలో, మిల్లీమీటరు, శాతము, అక్షరము, అంగుళము! బుద్ధిమంతుడెవ్వడును ఒక్క కూర్చుండులో కూర్చుండి ఇట్టి భాషను కల్పింపడు. ఇది నూటయిరువది యేండ్లలో ఒక్కొక్క ముక్కగా చేరిన భాష. అందులో కొన్ని ముక్కలు వ్యాపారమువలన చేరినవి. కొన్ని మాత్రము మనుష్యుల ప్రాణములు పోయిన పిమ్మట చేరినవి.

గాలి టైరును మొదట ఊహించినవాడు స్కాట్లండువాడైన రాబర్ట్ విలియం థామ్సన్. 1845లో, తన యిరువదిమూడవ యేట, అతడు దానికి పేటెంటు పొందెను. అప్పటికి మోటారుకారు లేదు, సైకిలు లేదు. గుఱ్ఱపుబండ్లవారికి అది అక్కరలేకపోయెను. నలుబది యేండ్లు గడచిన తరువాత బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు కుమారుని మూడుచక్రముల బండి కుదుపు మాన్పుటకై గాలి నింపిన రబ్బరు గొట్టమును చక్రమునకు కట్టెను. 1888లో అతడును పేటెంటు పొందెను. థామ్సన్ ముందే కనిపెట్టియుండుటచే అది పిమ్మట చెల్లకపోయెను. పేరు మాత్రము డన్‌లప్ దే నిలిచినది. 1895లో పారిస్ నుండి బోర్డో పోయి మరల పారిస్ చేరు పందెమున మిషెలిన్ సోదరులు గాలి టైర్లు తొడిగిన కారును నడిపిరి. దారిపొడవునను టైర్లు పగులుచునే యుండెను. అయినను మోటారుకారునకు గాలి టైరే తగినదని ఆ సోదరులు లోకమునకు చూపగలిగిరి.

ఆ కాలపు అంకెలు సులభమైనవి. ఫోర్డు 'మోడల్ టి' కారు వెనుక టైరుపై 30 × 3½ అని యుండెడిది. టైరు బయటి అడ్డుకొలత 30 అంగుళములు, లావు మూడున్నర అంగుళములు. బయటి కొలతయే ముందు చెప్పబడుట గమనింపదగినది. చక్రము ఒక మారు తిరిగినచో కారు ఎంత దూరము పోవునో తెలుపునది అదియే గదా. 1920 తరువాత తక్కువ గాలితో నడచు లావైన 'బెలూన్' టైర్లు వచ్చినవి. అప్పుడు కొలత చెప్పు తీరు తలక్రిందయ్యెను. చివరి కాలపు మోడల్ టి టైరు 4.40-21. ఇందు 4.40 అంగుళములు లావు; 21 అంగుళములు లోపలి ఇనుపచక్రపు అడ్డుకొలత. బయటి కొలత అంకెలనుండి జారిపోయినది. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడర్ కారును ఎరిగినవారు దాని టైరుపై 5.90-15 అను అంకెలు చూచియే యుందురు. అదియు ఈ వంశమునకు చెందినదే. జారిపోయిన ఆ బయటి కొలతను నేటి కొనుగోలుదారు తానే లెక్కగట్టుకొనవలసి వచ్చుచున్నది. ఆ లెక్క సంగతి ముందు చెప్పెదను.

ఇక మజిల్ కారు పుట్టుక. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ సంస్థ తన శాఖలేవియు పందెములలో పాల్గొనరాదని శాసించెను. మధ్యరకపు కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను పెట్టరాదనియు ఆ సంస్థలో నియమముండెను. పాంటియాక్ శాఖలో ముఖ్య ఇంజనీరైన జాన్ డెలోరియన్ తన సహచరులగు బిల్ కాలిన్స్, రస్ గీలతో కలిసి ఈ నియమమునకొక సందు కనిపెట్టెను. నియమము కారునకే గాని, కారుతో కోరి కొనుక్కొను అదనపు సామగ్రికి కాదు! టెంపెస్టు లెమాన్స్ అను సాధారణ కారునకు 'అదనపు సామగ్రి'గా 389 ఘనపుటంగుళముల ఇంజనును అమ్మజూపిరి. దానికి జి.టి.ఓ. అని ఇటలీ పందెపుకారు పేరు పెట్టిరి. 1964లో అది 32,450 అమ్ముడుపోయినది. సాధారణ ఇంజను బలము 325 అశ్వబలము. మూడు కార్బురేటర్లు కోరినవారికి 348.

ఇంజను పెద్దదాయెను. మరి టైరు? జి.టి.ఓ. టైరు కొలత 7.50-14. అనగా ఏడున్నర అంగుళముల లావు, 14 అంగుళముల చక్రము. ప్రక్కగోడపై సన్నని ఎఱ్ఱగీత గల ఆ టైరునకు 'టైగర్ పా', అనగా పులిపంజా, అని పేరు. పేరులో పులి యున్నదే గాని, ఆ టైరు కుటుంబముతో చర్చికి పోయివచ్చు కారు టైరునకు దాయాదియే. బ్రేకులు తొమ్మిదిన్నర అంగుళముల డ్రమ్ములు. కుఱ్ఱవాడు పసుపుపచ్చ దీపమువద్ద నిలిచి, ఆకుపచ్చ దీపము వెలుగగానే తొక్కినచో, టైర్లు ఉన్నచోటనే గిఱ్ఱున తిరిగి పొగలు గ్రక్కెడివి. ఆ పొగనే బలమునకు గుర్తుగా ఆ తరము భావించెను. నిజమునకది బలము వ్యర్థమగుటకు గుర్తు.

ఇచ్చట ఒక చిన్న లెక్క. ఒక చక్రము 400 కిలోగ్రాముల బరువు మోయుచున్నదనుకొందము. టైరులోని గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 2 కిలోలు. అయినచో నేలకు తగులు టైరు మేర సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అనగా పదునాలుగు సెంటీమీటర్ల చతురము. పిల్లవాని పలకకంటె చిన్నది. ఇట్టివి నాలుగే. కారు పరుగు, మలుపు, నిలుపు, అన్నియు ఈ నాలుగు పలకల మీదనే నడువవలెను. టైరు వెడల్పు పెంచినచో ఈ మేర పెరుగునని పెక్కుర నమ్మకము. బరువును గాలి ఒత్తిడియు మారనిచో మేర అంతగా పెరుగదు. దాని ఆకారము మారును. పొడవు తగ్గి, అడ్డముగా విస్తరించును. మలుపులో కారు ప్రక్కకు జారకుండుటకు ఆ అడ్డపు విస్తారమే పనికివచ్చును. వెడల్పు టైరు గుట్టు ఇంతే.

ఆనాటి టైరు లోపలి అల్లికయు కారు బలమునకు తగినది కాదు. నూలు, రేయాన్, నైలాన్ త్రాళ్లను ఏటవాలుగా, ఒకదానిపై నొకటి అడ్డముగా పఱచి, రబ్బరులో పొదిగెడివారు. నులకమంచపు అల్లికను తలచుకొనుడు. ఒక మూల కూర్చున్నచో మంచమంతయు ఆ వైపునకు వాలును గదా! అట్లే మలుపులో ప్రక్కగోడ వంగినచో, నేలకు తగులు భాగము కూడ దానితోపాటు మెలిపడి, అంచు పైకి లేచెడిది. కుదుపు తెలియకుండుటకై గాలి తక్కువగా నింపుట ఆనాటి మర్యాద. దానివలన ఈ వంపు ఇంకను హెచ్చెడిది. ఇంటివారి సౌఖ్యమునకై ఎంచిన టైరును పందెగాని ఇంజను తిప్పుచుండెను.

ఈ విషయమును లోకము దృష్టికి తెచ్చినది మజిల్ కారు కాదు. షెవ్రలే కోర్వేర్ అను చిన్నకారు. 1965లో రాల్ఫ్ నాడర్ అను యువన్యాయవాది ప్రకటించిన 'ఏ వేగమునకైనను అపాయకరము' అను అర్థము గల పేరుతో వచ్చిన గ్రంథము మొదటి ప్రకరణము దానిని గూర్చినదే. ఆ కారు ఇంజను వెనుక నుండెను. వెనుకభాగము బరువగుటచే, మలుపులో తోక విసరెడిది. ఆ విసరు నడచుటకు తయారుచేసినవారు చెప్పిన ఉపాయము గాలి ఒత్తిడి: ముందు టైర్లలో 15 పౌనులు, వెనుక 26. ముందుటైర్లు మెత్తగా నున్నచో ముందుభాగమే మొదట జారి, తోక విసరు తగ్గును. ఉపాయము శాస్త్రీయమే. కాని పెట్రోలు బంకులో గాలి కొట్టువాడు అలవాటు ప్రకారము నాలుగింట ఒకే కొలత నింపిపోయెడివాడు. యజమానికిని ఆ భేదము ప్రాణములతో ముడిపడినదని తెలియదు. ఒక కుటుంబపు క్షేమమును గాలిగొట్టము పట్టిన కుఱ్ఱవాని జ్ఞాపకశక్తికి వదలిపెట్టిన ఆ ఇంజనీర్లను నేను క్షమింపజాలను.

1966 సెప్టెంబరులో అమెరికా కాంగ్రెసు మోటారు వాహన భద్రతా శాసనమును చేసెను. దాని ననుసరించి 1968లో టైర్లకు నిబంధనలు వచ్చినవి. టైరుపై కొలత, మోయగల బరువు, గాలి హద్దు అచ్చువేయవలెను. కారునకు తగిన టైరు కొలత, గాలి ఒత్తిడి, కారు మోయదగిన బరువు తెలుపు చీటి నొకదానిని కారుపైనే శాశ్వతముగా అంటింపవలెను. నేడు డ్రైవరు తలుపు తెఱచినప్పుడు ప్రక్క కంబముపై కనబడు చిన్న చీటి ఆ శాసనపు సంతానమే. టైరు కొలతను గూర్చి ఎన్ని గ్రంథములు చదివినను ఆ చీటికంటె మొదట చదువదగినది లేదు.

ఆ సంవత్సరములలోనే అంకెల భాషయు మారెను. 7.50-14 స్థానమున 7.75-14 వచ్చెను, అది నిలిచియు నిలువకముందే ఎఫ్70-14 వంటి అక్షరములు వచ్చినవి. ఇందు 'ఎఫ్' వెడల్పును గాక మోయగల బరువును తెలుపును. 70 అనునది ప్రక్కగోడ యెత్తు, వెడల్పులో నూటికి డెబ్బది. ఎఫ్78-14, ఎఫ్70-14 రెండును ఒకే బరువు మోయును. రెండవది పొట్టిది, వెడల్పైనది. ఈ పద్ధతి పై నాకు కొంత పక్షపాతము కలదని ఒప్పుకొందును. కొనువాడు మొట్టమొదట అడుగవలసిన 'ఇది ఎంత బరువు మోయును?' అను ప్రశ్నకు మొట్టమొదటి అక్షరమే జవాబు చెప్పెడిది. తరువాత వచ్చిన పద్ధతులలో ఆ జవాబు చివరకు, చిన్న అక్షరములలోనికి, పోయినది.

ఫైర్‌స్టోన్ వారి 'వైడ్ ఓవల్', గుడ్‌ఇయర్ వారి 'పాలీగ్లాస్' టైర్లు 1967 ప్రాంతమున వచ్చినవి. పాలీగ్లాస్ లో పాలియెస్టరు త్రాళ్లపై గాజునారతో చేసిన పట్టీ నొకదానిని నేలకు తగులు భాగము క్రింద చుట్టిరి. టైరు అప్పటికి ఇంజను వెంట పరుగెత్తుట మొదలుపెట్టెను. ఎంత పట్టు సంపాదించెననగా, 1969లో ఫోర్డు వారు బాస్ 302 మస్టాంగును సిద్ధము చేయుచు ఎఫ్60-15 టైర్లు తొడిగి మలుపులలో పరీక్షింపగా, ముందు స్ప్రింగులను మోయు ఇనుపగోపురములు పగుళ్లు చూపినవి. పూర్వపు టైరు జారిపోయి కారును కాపాడెడిది. ఈ టైరు జారక నేలను పట్టుకొనుటచే, ఆ బలమంతయు కారు ఎముకలలోనికి పోయెను. ఆ గోపురములకు దళసరి రేకులు అతికి బలపరచిన తరువాతనే కారును అమ్మకమునకు విడుదల చేసిరి. టైరు మార్చుట యనగా టైరు మాత్రమే మార్చుట కాదని చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు దొరకలేదు. నేడు వీధిచివర దుకాణములో వెడల్పు టైర్లు తొడిగించుకొని వచ్చువాడు కారు ఎముకలను గూర్చి ఒక్కమారైనను ఆలోచించునా?

అందరును ఫోర్డువారివలె జాగ్రత్తపడలేదు. 1970 నాటి షెవెల్ ఎస్.ఎస్. 454 కారులో బలమైన ఇంజను 450 అశ్వబలము గలది; దాని క్రింద ఎఫ్70-14 టైర్లు. ఆరేండ్లలో ఇంజను బలము వందకు పైగా పెరిగినను చక్రము అదే 14 అంగుళములు. తరువాత కొలది కాలమునకే ఆ యుగము ముగిసెను. భీమా రుసుములు పెరిగినవి. పొగ నిబంధనలవలన 1971 నుండి ఇంజన్ల ఒత్తిడి నిష్పత్తి తగ్గినది. 1973 అక్టోబరులో చమురు నిషేధము వచ్చినది. మజిల్ కారు నిద్రపోయెను.

ఆ నిద్రలోనే అమెరికాకు రేడియల్ టైరు వచ్చినది. మిషెలిన్ సంస్థలో మారియస్ మిన్యోల్ అనువాని కృషిఫలముగా 1946లో పేటెంటు పొంది, 1949లో ఫ్రాన్సున అమ్మకమునకు వచ్చిన టైరు ఇది. త్రాళ్లు ఏటవాలుగా గాక ఒక అంచునుండి మరియొక అంచునకు తిన్నగా పోవును. నేలకు తగులు భాగము క్రింద ఉక్కుతీగెల పట్టీ చుట్టియుండును. మొదట చెప్పిన కమ్మరి ఇనుపపట్టాయే రబ్బరు కడుపులోనికి పోయి కూర్చున్నదనుకొనుడు. ప్రక్కగోడ వంగినను పట్టీ క్రింది భాగము నేలపై చదునుగానే నిలుచును. వేడి తక్కువ, అరుగుదల తక్కువ, పెట్రోలు ఆదా. అయినను అమెరికా కార్లలో మొట్టమొదట 1970 నమూనా లింకన్ కాంటినెంటల్ మార్క్ 3 మాత్రమే దీనిని ప్రామాణికముగా ధరించెను. చమురు కరవు వచ్చినప్పుడు గాని మిగిలినవారికి జ్ఞానోదయము కాలేదు. 1970-80 నడుమనే అక్షరముల పద్ధతి పోయి పి205/70 ఆర్ 14 వంటి నేటి పద్ధతి వచ్చినది. వెడల్పు ఐరోపావారి మిల్లీమీటర్లలోనికి మారినది. ఇనుపచక్రములు చేయు కర్మాగారములు మాత్రము అంగుళములను విడువలేదు. మిషెలిన్ వారు ఆ అంగుళమును కూడ తొలగింపజూచి 'టి.ఆర్.ఎక్స్.' అను పేర 390 మిల్లీమీటర్ల చక్రమును తెచ్చిరి. 1979 మస్టాంగులో కోరినవారికి అదియే తొడిగిరి. తర్కము వారిదే, ఓటమియు వారిదే. ఆ చక్రమునకు మరియొక టైరు పట్టదు. ఆ కార్లను దాచుకొన్నవారు నేడు టైర్లకై దీపము పెట్టి వెదకుచున్నారు.

2005లో పాతరూపును తలపించు మస్టాంగు, 2008లో డాడ్జ్ ఛాలెంజరు, 2010 నమూనాగా షెవ్రలే కమారో వచ్చుటతో మజిల్ కారు మేల్కొనెను. 2015 నమూనా ఛాలెంజరు హెల్‌క్యాట్ బలము 707 అశ్వబలము. టైరు 275/40 ఆర్ 20. 1964 నాటి జి.టి.ఓ.కు రెండింతలకు మించిన బలము. ఛాలెంజరు తయారీయు, కమారో తయారీయు 2023 చివర ఆగిపోయినవి. మస్టాంగు మాత్రము నడచుచున్నది. ఆగిన కార్లును రోడ్లపై ఇంకను లక్షలుగా తిరుగుచున్నవి గనుక, వానికి ఏ టైరు తగునను ప్రశ్న ఇంకను చాలకాలముండును.

ఇప్పుడా లెక్క. 275లో నూటికి నలుబది 110 మిల్లీమీటర్లు. ప్రక్కగోడలు పైన ఒకటి, క్రింద ఒకటి గనుక 220. 20 అంగుళములు 508 మిల్లీమీటర్లు. మొత్తము 728, ఇది జారిపోయిన బయటి కొలత. మరింత వెడల్పు కావలెనని ఒకడు 295/45 ఆర్ 20 తెచ్చెననుకొందము. 132.75 రెట్టింపు 265.5, దానికి 508 చేర్చినచో 773.5. చక్రము నూటికి ఆరు వంతులకు పైగా పెద్దదైనది. వేగమాపకము నూరు చూపునప్పుడు కారు నూట ఆరు పోవుచుండును. గేర్లు బరువెక్కును, ఇంజను తేలికగా లాగలేదు. చక్రమును పట్టుకొను పెట్టె అంచునకు టైరు రాచుకొనును. వెడల్పు కోరినవాడు బలము కోల్పోయినాడు. అదే 315/35 ఆర్ 20 తెచ్చినచో? 110.25 రెట్టింపు 220.5, మొత్తము 728.5. అసలు కొలతకును దీనికిని భేదము అర మిల్లీమీటరు! లెక్క కుదిరినదని సంతోషింపబోవుదుము. కాని ఈ టైరు కనీసము పదిన్నర అంగుళముల వెడల్పు గల ఇనుపచక్రమును కోరును. హెల్‌క్యాట్ తో వచ్చిన చక్రము తొమ్మిదిన్నరయే. ఇరుకు చక్రముపై బిగించిన వెడల్పు టైరు నడుమ ఉబ్బి, ప్రక్కగోడలు లోపలికి వంగి, కొనితెచ్చుకొన్న పట్టును పోగొట్టును. తయారుచేసినవారే 2018లో వెడల్పు దేహము గల హెల్‌క్యాట్ ను తెచ్చినప్పుడు 305/35 ఆర్ 20 టైరును ఎంచి, దానికై 11 అంగుళముల వెడల్పు చక్రమును, దానిని కప్పుటకు కారు ప్రక్కలకు వెడల్పు అంచులను అమర్చవలసివచ్చినది. బయటి కొలత 721.5, మార్పు నూటికి ఒక వంతు లోపలనే.

మస్టాంగు జి.టి. 2018లో సాధారణముగా 235/50 ఆర్ 18 టైర్లతో వచ్చెడిది. పందెపుసొగసు కోరినవారికి ముందు 255/40 ఆర్ 19, వెనుక 275/40 ఆర్ 19. ఇందు ముందు చక్రమునకు, వెనుక చక్రమునకు బయటి కొలతలో 16 మిల్లీమీటర్ల భేదము కలదు. ఇది పొరపాటు కాదు. జారుడును అరికట్టు యంత్రము నాలుగు చక్రముల వేగములను పోల్చుచుండును. తయారుచేసినవారు ఈ భేదమును దానికి ముందే నేర్పియున్నారు. 2012 నమూనాలనుండి అమెరికాలో ప్రతి కారునకు ఈ యంత్రము విధిగా నుండవలెను. యజమాని తన యిష్టము వచ్చిన భేదమును తెచ్చిపెట్టినచో అది లేని జారుడును ఉన్నట్లు భ్రమించును, లేదా ఉన్నదానిని ఆలస్యముగా గుర్తించును.

కొలత తరువాత చిన్న అక్షరములలో మరి రెండు గుర్తులుండును: 106 వై అని. 106 అనగా ఒక్క టైరు 950 కిలోగ్రాములు మోయును. 102 అయినచో 850. 'వై' అనగా గంటకు 300 కిలోమీటర్ల వరకు ఓర్చును. 'డబ్ల్యు' 270, 'వి' 240, 'హెచ్' 210. అదే 275/40 ఆర్ 20 కొలతలో 102 టైరును దొరకవచ్చును, వెలయు తక్కువగా నుండవచ్చును. ముందు వరుస అంకెలు ఒక్కటే గనుక కొనువాడు రెండవ వరుస చూడడు. ఏ అక్షరము మొదట నుండుట మేలని నేను పైన అన్నానో, ఆ సమాచారమిదే. ఇంకొక మాట. ఈ కార్లతో వచ్చు మెత్తని వేసవి టైర్లు ఏడెనిమిది డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువ కట్టెవలె గట్టిపడును. చలి నేలలలో నివసించు మన తెలుగు యువకులు వేసవిలో కారు కొని, నవంబరు ఉదయమున ఇంటి వాకిటనే చక్రములు జారుట చూచి ఆశ్చర్యపడుట కొలత తప్పువలన కాదు. రబ్బరు ఋతువు తెలియకపోవుటచేత.

గాలి కథ కోర్వేర్ తో ముగియలేదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ వారు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిపించిరి. అందు పెక్కు ఫోర్డు ఎక్స్‌ప్లోరరు అను ఎత్తైన బండ్లవి. టైరు పొరలు ఊడి బండ్లు బోర్లపడినవి. చీటిమీద వ్రాసిన 26 పౌనుల గాలి చాలునా, చాలదా యని రెండు సంస్థలును వాదులాడుకొన్నవి. ముప్పదియైదేండ్ల తరువాత మరల అదే అంకె! ఆ యేడే వచ్చిన శాసనము ననుసరించి 2007 సెప్టెంబరునుండి క్రొత్త కార్లన్నిటిలోను గాలి తగ్గినచో హెచ్చరించు దీపము చేరినది. గాలి కొట్టు కుఱ్ఱవాని జ్ఞాపకశక్తికి బదులు ఒక దీపము.

ఇరువది అంగుళముల చక్రము నేటి వేడుక. చక్రము పెద్దదై, రబ్బరు సన్నని అంచువలె కనబడుటయే అందమని పెక్కుర తలంపు. ఆ డాడ్జ్ వారే తిన్నని దారిలో పావుమైలు పందెమునకై 2018లో 'డీమన్' అను కారును చేసినప్పుడు చక్రమును పదునెనిమిదికి తగ్గించి 315/40 టైరును తొడిగిరి. 2023లో వెయ్యి అశ్వబలము దాటిన 'డీమన్ 170'కి వెనుక చక్రము మరల తగ్గి పదునేడు అంగుళములై, టైరు 315/50 అయ్యెను. ఆ ప్రక్కగోడ యెత్తు 157 మిల్లీమీటర్లకు పైమాట. హెల్‌క్యాట్ గోడకంటె దాదాపు అయిదు సెంటీమీటర్లు హెచ్చు. బయలుదేరునప్పుడు ఆ ఎత్తైన గోడ ముడుతలు పడి, ఇంజను దెబ్బను మెత్తగా నేలకు దించును. బలము పెరిగినకొలదిని చక్రము పెరుగవలెనను వేడుకకు, అత్యంత బలము గల కారే ఎదురు నడచినది.

పాతకార్ల యజమానులకు మరియొక చిక్కు. బాస్ 302 ఎఫ్60-15 టైర్లు నేడును పాత అచ్చులలో, పాత అక్షరములతో తయారగుచున్నవి. ప్రదర్శనలో పెట్టువారు వానినే కోరుదురు. రోడ్డుపై నడపువారు సాధారణముగా 235/60 ఆర్ 15 రేడియల్ ను ఎంచుదురు. బయటి కొలత 663 మిల్లీమీటర్లు. రెండు జాతులను ఒకే ఇరుసుపై కలిపినచో కారు మలుపులో ఒకచేయి పైకి, ఒకచేయి క్రిందికి లాగినట్లు ప్రవర్తించును. నాలుగింటిని మార్చినను పని పూర్తికాదు. 1969 నాటి ముందుచక్రముల వాలు నులకమంచపు అల్లిక టైరునకు సరిపడునట్లు అమర్చబడినది. రేడియల్ తొడిగిన దినముననే మెకానిక్కునొద్దకు పోయి, చక్రముల పైఅంచులు కొంచెము లోనికి వాలునట్లును, తిరుగు ఇరుసు తల కొంచెము వెనుకకు వంగునట్లును సరిదిద్దించుకొనవలెను. ఆ పనికి ఒక పూట పట్టును.